అప్‌డేట్: మాత్ర వేసిన గంటకి మామయ్యగారి ఒళ్ళు మెలికలు తిరగడం

పార్కిన్సన్స్ ఉన్న మామయ్యగారు సిండోపా ప్లస్ (లెవోడోపా ఉన్న మాత్ర) వేసుకున్న గంటకి ఆయన మెడ, భుజాలు మెలికలు తిరుగుతున్నాయి, మాత్ర తగ్గించాలా అని అడిగాను కదా. బెంగళూరులో న్యూరాలజిస్టుకి వీడియో చూపించాం. అది జబ్బు వల్ల వచ్చే వణుకు కాదు, డిస్కైనీసియా, అంటే మందు వల్ల తెలియకుండా వచ్చే కదలికలు అన్నారు.

లెవోడోపా మెదడులో డోపమైన్‌గా (కదలికలని నడిపే రసాయనం) మారుతుంది. మామూలుగా డోపమైన్ కణాలే దాన్ని దాచుకుని, కావలసినంత వదిలి, మిగిలింది వెనక్కి లాక్కుంటాయి. పార్కిన్సన్స్‌లో అవి చాలావరకు పోయాక ఆ పని సెరటోనిన్ అనే వేరే రసాయనాన్ని వదిలే కణాల మీద పడుతుంది. డోపమైన్ తయారుచేసి వదలడం వీటికి చేతనవును. ఎక్కువైందని పసిగట్టే డి2 రిసెప్టార్ గానీ, వెనక్కి లాక్కునే ట్రాన్స్‌పోర్టర్ గానీ వీటికి లేవు. కుళాయి ఉంది, కట్టే పిడి లేదన్నమాట. దాంతో డోసు డోసుకీ స్ట్రయేటమ్‌లో (కదలికలని అదుపుచేసే మెదడు భాగం) డోపమైన్ ఒక్కసారిగా పొంగి, పడిపోతుంది. ఆ పోటుకి అక్కడి డి1 రిసెప్టార్ ఉన్న కణాలు అతిగా స్పందించడం అలవాటు చేసుకుంటాయి, కణాలని ఉత్తేజపరిచే గ్లూటమేట్ అనే రసాయనం సంకేతాలూ బలపడతాయి. అందుకే గ్లూటమేట్ ఎన్ఎండీఏ రిసెప్టార్లని అడ్డుకునే అమాంటడీన్ అనే మందు ఈ మెలికలకి పనిచేస్తుంది.

డాక్టరుగారు రోజు మొత్తం లెవోడోపా అంతే ఉంచి, ఒక్కో డోసు తగ్గించి ఎక్కువసార్లకి పంచారు. అమాంటడీన్ 100 మి.గ్రా. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఇచ్చారు; సాయంత్రం వేసుకుంటే నిద్ర పట్టదట. దీనితో కాళ్ళ వాపు, చర్మం మీద వలలాంటి మచ్చలు, లేనివి కనపడడం గమనించాలి. కిడ్నీ బలహీనమైతే డోసు తగ్గాలి.

సిండోపా మాత్ర తిండికి అరగంట ముందు వేసుకోవాలి; పప్పు, పెరుగులోని ప్రోటీన్ ఒంట్లోకి చేరడంలో లెవోడోపాతో పోటీపడుతుంది. మందు సొంతంగా ఆపేయడం మాత్రం ప్రమాదం: తీవ్ర జ్వరం, బిగుసుకుపోవడం రావచ్చు.