టెయిల్‌గేట్ పవర్ లాక్: రిమోట్‌తో పడుతోంది, తెరుచుకోవడం లేదు

డల్లాస్_పికప్:
ట్రక్ టెయిల్‌గేట్‌కి (వెనక కిందికి దిగే తలుపు) విడిగా కొన్న పవర్ లాక్ బిగించాను. యాక్చువేటర్‌కి (తాళాన్ని కదిపే మోటారు యూనిట్) రెండే వైర్లు, నీలం, ఆకుపచ్చ. ప్యాసింజర్ వైపు కిక్ ప్యానెల్ (కాళ్ల దగ్గర పక్కనుండే ప్లాస్టిక్ పలక) వెనక డోర్ లాక్ వైరుకి నీలం కలిపి, ఆకుపచ్చని బాడీ బోల్టుకి ఎర్త్ చేశాను. లాక్ నొక్కితే టక్కున పడుతోంది. అన్‌లాక్ నొక్కితే చప్పుడే లేదు, తాళంచెవితో తీయాల్సి వస్తోంది. ఫ్యూజులు బాగున్నాయి. యాక్చువేటర్ పోయిందంటారా?

రిలే_రాజు:
యాక్చువేటర్ నిక్షేపంగా ఉందండి. తేడా ఆ ఎర్త్‌లోనే ఉంది. లోపల ఉండేది మామూలు డీసీ మోటారు, రెండు వైర్లలో ప్లస్ దేనికి వస్తే అటు తిరుగుతుంది. చాలా ట్రక్కుల్లో లాక్, అన్‌లాక్ వైర్లు రెండూ ఊరికే ఉన్నప్పుడు ఎర్త్ మీదే ఉంటాయి. లాక్ నొక్కితే ఒకదానికి అర సెకను పాటు 12 వోల్టులు వస్తుంది, అన్‌లాక్ నొక్కితే రెండోదానికి. మీ ఆకుపచ్చ బాడీకే అతుక్కుని ఉంటే దానికి ప్లస్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఆకుపచ్చని బోల్టు నుంచి పూర్తిగా ఊడదీసి అన్‌లాక్ వైరుకి కలపండి. ఎర్త్ కూడా ఉంచేసి కలిపారో, అన్‌లాక్ నొక్కగానే ప్లస్ నేరుగా బాడీకి వెళ్లి ఫ్యూజ్ ఎగిరిపోతుంది, దాంతో డోర్ లాకులన్నీ ఆగిపోతాయి. కలిపాక లాక్‌కి తెరుచుకుని అన్‌లాక్‌కి పడుతుంటే రెండు వైర్లూ అటూ ఇటూ మార్చండి, అంతే.

అన్‌లాక్ వైరు కనిపెట్టడానికి టెస్ట్ ల్యాంప్ క్లిప్పు బాడీకి పెట్టి, మొన వైరుకి తాకించి రిమోట్ నొక్కండి. అర సెకను పల్సుని డిజిటల్ మీటర్ ఒక్కోసారి పట్టుకోలేదు. పసుపు తొడుగున్న వైర్ల జోలికి మాత్రం పోవద్దు, అవి ఎయిర్‌బ్యాగువి.

గేట్_గురు:
రాజు గారు చెప్పింది కరెక్టు. ఇంకోటి, డ్రైవర్ డోర్‌కి వెళ్లే అన్‌లాక్ వైరు తీసుకోకండి. చాలా ట్రక్కుల్లో మొదటి నొక్కుకి డ్రైవర్ డోర్ ఒక్కటే తెరుచుకుంటుంది, మిగతావి రెండో నొక్కుకి. ఆ వైరుకి కలిపితే మీరు డోర్ తీసినప్పుడల్లా వెనక గేటూ తెరుచుకుంటుంది. ప్యాసింజర్ డోర్ వైరే తీసుకోండి. డోర్ మీదున్న స్విచ్ వైర్లు కూడా వద్దు. చాలా బళ్లలో అవి మాడ్యూల్‌కి (లాకులని నడిపే కంట్రోల్ పెట్టెకి) సిగ్నల్ పంపేవి, మోటారుని నడిపే కరెంటు వాటిలో ఉండదు.

డల్లాస్_పికప్:
ఎర్త్ తీసి ప్యాసింజర్ అన్‌లాక్ వైరుకి కలిపాను, ఇప్పుడు రెండు వైపులా పనిచేస్తోంది. కానీ అన్‌లాక్ నీరసంగా ఉంది, ఒక్కోసారి సగంలో ఆగిపోతోంది. మీటర్ని మిన్-మ్యాక్స్‌లో (కనిష్ఠ, గరిష్ఠ అంకెలు పట్టి ఉంచే మోడ్) పెట్టి చూస్తే పల్సు సమయంలో కిక్ ప్యానెల్ దగ్గర 12.3, గేటు ప్లగ్ దగ్గర 8.8. ప్లగ్ పీకి చూస్తే అక్కడా 12.3 వస్తోంది.

రిలే_రాజు:
ప్లగ్ పీకితే కరెంటు పారదు, అందుకే ఎంత సన్నని దారైనా 12.3 చూపిస్తుంది. లోడు మీద, అంటే ప్లగ్ పెట్టి మోటారుకి కరెంటు పారుతుండగా చూసిన 8.8 నే నమ్మండి. మూడున్నర వోల్టులు దారిలోనే పోతున్నాయి. ఆకుపచ్చ వైరు కిక్ ప్యానెల్ చివర ఒక ప్రోబ్, గేటు చివర ఇంకోటి పెట్టి అన్‌లాక్ నొక్కండి. తర్వాత నీలానికీ అలాగే. అర వోల్టు దాటి ఎందులో చూపిస్తే తేడా అందులో. ఎక్కువగా ఆ నొక్కుడు టీ-ట్యాప్ క్లిప్పుల (వైరు కోయకుండా దాని మీద నొక్కి ఇంకో వైరు కలిపేవి) పనే, లోపలి పోగుల్లో రెండు మూడింటినే పట్టుకుంటాయి. వాటిని తీసేసి, ఇన్సులేషన్ ఒలిచి, సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేయండి. వైరు 16 గేజ్ చాలు.

గేట్_గురు:
జాయింట్లు బాగుంటే అప్పుడు హింజ్ దగ్గర చూడండి. అక్కడ వైరు మడత పడీ పడీ పైన ఇన్సులేషన్ బాగానే ఉన్నా లోపల రాగి తెగుతుంది. రెండు చివర్లూ విడదీసి, మీటర్ని ఓమ్స్‌లో పెట్టి గేటు నెమ్మదిగా దించి ఎత్తండి. అంకె ఎగిరెగిరి పడితే అక్కడే తెగింది. కొత్త వైరు వేసేటప్పుడు ఒక లూపు వదులుగా ఉంచి గ్రోమెట్ (రంధ్రం అంచుకి వేసే రబ్బరు రింగు) లోంచి తీసుకెళ్లండి. గేటు ఊడదీసి పెట్టే అలవాటుంటే మధ్యలో ప్లగ్ తప్పనిసరి.

వోల్టేజీ నిండుగా వచ్చినా నీరసమే అంటే మోటారు రాడ్ ఊడదీసి రిమోట్ నొక్కండి. రాడ్ లేకుండా గట్టిగా కొడుతుంటే వైరింగ్ వదిలేసి లాక్ సిలిండర్ చూడండి. చేత్తో తిప్పినా అది బిగుతుగానే ఉంటుంది.

రిలే_రాజు:
గేటుతో పాటు డోర్లు కూడా నీరసపడితే ఫ్యాక్టరీ వైరింగ్ మీద లోడు ఎక్కువైనట్టు. అప్పుడు రెండు 5-పిన్ రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని మార్చే స్విచ్‌లు) పెట్టండి. కింది అంకెలు వాటి పిన్నుల నంబర్లు. రెండింటి 87 కీ ఫ్యూజ్ ఉన్న బ్యాటరీ ప్లస్, 87ఏ బాడీకి, 30 మోటారు వైర్లకి చెరొకటి. 86 ఒకదానికి లాక్ వైరు, ఇంకోదానికి అన్‌లాక్ వైరు, 85 రెండూ ఎర్త్. రిలే లోపలి కాయిల్ లాగేది దాదాపు 150 మిల్లీఆంపియర్లే కాబట్టి ఫ్యాక్టరీ వైరుకి అది లెక్కే కాదు.