వెదురు చేటలు అల్లేవారికి బొంగులు ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారం. మాది కావలి దగ్గర ఒక పల్లె. మా ఊళ్లో ఎరుకల పెద్దావిడ ఒకరు ఇప్పటికీ చేటలు, గంపలు అల్లుతున్నారు. మనవరాళ్లిద్దరూ నేర్చుకుంటామంటున్నారు. వెదురే దొరకడం లేదు.

ఆమె పనితనం చూసి తీరాలి. పచ్చి బొంగును కత్తితో నిలువునా చీల్చి, లోపలి మెత్తని భాగం తీసేసి, పైపొరను పలచని బద్దలుగా చేస్తారు. ప్రతి బద్దనూ వేళ్ల మధ్య వంచి చూసి, విరిగేలా ఉంటే పక్కన పడేస్తారు. అంచుకు దళసరి బద్ద వేసి బిగించి కడతారు. అలాంటి చేటలో చెరిగితే బియ్యం, నూకలు చక్కగా వేరవుతాయి. ప్లాస్టిక్ చేటకు ఆ ఒడుపు రాదు. మన నోముల్లో వాయనమిచ్చేదీ ఈ చేటల్లోనే. బుట్టతో వచ్చి ఎరుక చెప్పే ఆడవాళ్లూ ఈ తెగవారే. ఇంత కళాసంపద ఉన్న ఇళ్లలో బొంగులు లేక పని ఆగిపోవడం నాకు చాలా బాధగా ఉంది.

2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెరిగే వెదురును చెట్ల నిర్వచనం నుంచి తొలగించారు. కాబట్టి పొలాల్లో పెంచే వెదురుకు ఆ చట్టం అడ్డు కాదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పొలాల్లో వెదురు పెంచే రైతులు మీకు తెలుసా? పదో ఇరవయ్యో బొంగులైనా అమ్ముతారా? మార్కాపురం, గిద్దలూరు వైపు వారు తప్పక చెప్పండి.

కేంద్ర ప్రభుత్వం హస్తకళాకారులకు ఇచ్చే పహచాన్ కార్డు ఎవరైనా తీసుకున్నారా? ఏయే పత్రాలు అడిగారు? చేటకు ఎంత ధర పెడితే ఆమె కష్టానికి న్యాయం జరుగుతుందో కూడా, అల్లే పని తెలిసినవారు చెప్పండి. సంతలో అడిగే ధర బొంగు ఖర్చుకే సరిపోవడం లేదు.