చర్చ: మన పిల్లలకు ఇంగ్లీషు భాష ఒక్కటే సరిపోతుందా, సాహిత్యం కూడా కావాలా?

ఎం.ఏ. ఇంగ్లీషులో సాహిత్యపు పేపర్లు తగ్గించి, ఆ స్థానంలో మాట్లాడడం, ఉత్తరాలు రాయడం, ఇంటర్వ్యూకు తయారు కావడం వంటివి పెట్టాలని ఈ చర్చలో రాజాం మిత్రులు వాదించారు. ఇంటిల్లిపాదిలో మొదటిసారి కళాశాల గడప తొక్కిన పిల్లలకు కీట్సు, షేక్‌స్పియర్ బరువే తప్ప బతుకుతెరువు కాదన్నది వారి బాధ. శ్రీకాకుళంలో చాలా ఏళ్లు డిగ్రీ తరగతులకు ఇంగ్లీషు చెప్పినవాణ్ని కనుక ఆ బాధ నాకు తెలుసు. కాని భాషను సాహిత్యం నుంచి విడదీస్తే పిల్లల చేతిలో మిగిలేవి కంఠతా పట్టిన నలభై యాభై వాక్యాలేనని నా గట్టి నమ్మకం.

ఒక తరగతి సంగతి చెబుతాను. ఇంగ్లీషు కవి కీట్స్ 1819లో నైటింగేల్ పిట్ట మీద రాసిన గీతంలో, ఇంటి మీద బెంగతో పరాయి పంటచేల నడుమ కన్నీళ్లతో నిలబడ్డ రూతు కనిపిస్తుంది. అక్కడి 'కార్న్' అనే మాటకు బజారు గైడులో 'మొక్కజొన్న' అని ఉంది. మొక్కజొన్న చేలు రోజూ చూసే పిల్లలు కనుక ఎవరికీ అనుమానం రాలేదు, తరగతంతా అదే రాసింది. ఇంగ్లండులో ఆ మాటకు గోధుమ, బార్లీ వంటి ధాన్యమని అర్థమనీ, బైబిలు కథలో మోయాబు దేశపు రూతు బేత్లెహేముకు వచ్చి, కోత కోసేవారి వెనక పరిగె, అంటే చేలో రాలి మిగిలిన వెన్నులు, ఏరుకున్నది బార్లీ చేలోననీ చెప్పాను. పరిగె అన్న మాట వినగానే వెనక బెంచీలో ఒక అమ్మాయి తలెత్తింది. వాళ్ల మామ్మ కోతలైన మళ్లలో పరిగె ఏరేదట. తండ్రి చెన్నైలో కట్టడాల పనికి వెళ్లి సంక్రాంతికి మాత్రమే ఇంటికి వస్తాడట. ఆ తరువాత ఆ పంక్తిని ఇంగ్లీషులో తానే వివరించింది. క్రియలు రెండు చోట్ల తప్పాయి. అయినా అంత పొడవైన సొంత వాక్యాన్ని ఆ పిల్ల నోట నేను వినడం అదే మొదలు.

ఇంగ్లీషు చదువు పరాయి పాలకులు తెచ్చిపెట్టినది అని ఈ చర్చలోనే మరొకరు రాశారు. నిజమే. పాలకులకూ ప్రజలకూ నడుమ దుబాసీలుగా పనికివచ్చే వర్గాన్ని తయారుచేయాలని 1835లో బ్రిటిష్ అధికారి మెకాలే దాచకుండానే రాశాడు. అయితే ఆ చదువు మనవాళ్ల చేతిలో ఏమైందో కూడా చూడాలి. విజయనగరం మహారాజా కళాశాలలో చదివిన గురజాడ మొదట ఇంగ్లీషులో 'సారంగధర' కావ్యం రాశారు; తరువాత కన్యాశుల్కం రాసి, 1897లో అచ్చైన ఆ నాటకానికి ఇంగ్లీషులోనే ముందుమాట పెట్టి, అందులో వాడుక భాష పక్షాన నిలబడ్డారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు కొండల్లోని సవరల భాష మీద ఇంగ్లీషులో రాసిన గ్రంథం 1931లో అచ్చయింది. దుబాసీల కోసం పెట్టిన చదువుతో వారు మన మాటకు, కొండల మీది మాటకు గౌరవం తెచ్చారు.

రాజాం మిత్రులు చెప్పినదానిలో ఒకటి పూర్తిగా ఒప్పుకుంటాను: ఇప్పుడు జరుగుతున్న చదువు సాహిత్యం కాదు. మూలం తెరవకుండానే గైడులోని సమ్మరీ బట్టీపట్టి ఫస్టు క్లాసులో పాసవుతున్నారు. దానికి విరుగుడు పేపర్లు తీసెయ్యడంలో లేదు. పుస్తకాల సంఖ్యను సగానికి తగ్గించి, ఉన్నవాటిని తరగతిలో వాక్యం వాక్యం చదివించాలి. పరీక్షలో చదవని పేజీ ఒకటి ఇచ్చి అర్థం రాయించాలి.

ఇంకొకటి. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయానికి దగ్గరలోనే, శ్రీకాకుళంలో, కథకులు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది. ప్రతి విద్యార్థీ అక్కడికి వెళ్లి, మన ప్రాంతపు కథ ఒకటి ఎంచుకుని, రెండు పేజీలు ఇంగ్లీషులోకి అనువదించి తేవాలని నియమం పెట్టి, ఇంటర్నల్ మార్కులు దానికే ఇవ్వవచ్చు. 'కళ్లం', 'అంబలి', 'పరిగె' వంటి మాటల దగ్గర ఆగిపోయి, నిఘంటువు తిరగేసి, పక్కవారితో వాదించి, చివరికి ఒక మాటను నిలబెట్టుకున్న పిల్లను ఏ ఇంటర్వ్యూలో కూర్చోబెట్టినా నాకు దిగులు లేదు.