వాయిస్ ఓవర్‌లో ‘తను’ దగ్గర ఆగిపోయాను, ఇంట్లో తెలియకుండా వీడియో పెట్టడం ఎలా?

డాబా_మీద_19
అందరికీ నమస్తే. బీటెక్ సెకండియర్, హైదరాబాద్‌లో హాస్టల్, ఊరు కృష్ణా జిల్లా వైపు. ఫోన్‌లో ఒక వీడియో తీశాను, 3 నిమిషాల 40 సెకన్లు. ముఖాలు ఎక్కడా లేవు. తీగ మీద ఆరేసిన ఒకే దుప్పటి, పిట్టగోడ మీద రెండు టీ గ్లాసులు, ఒక గ్లాసు అడుగున కరగని పంచదార, దాన్ని వేలితో తీసుకుంటున్న చెయ్యి. కథ అంతే. నా మాటలే వెనక వినిపిస్తాయి.

సమస్య ఆ మాటల్లోనే. ‘తను’ అని మొదలుపెడితే వాక్యం చివర ‘వచ్చాడు’ అనో ‘వచ్చింది’ అనో అనాల్సిందే, దాంతో మా ఇద్దరిదీ ఒకే జెండర్ అన్న విషయం బయటపడిపోతోంది. ఒక ఫ్రెండ్ అయితే ‘చివర్లో ఆ ఒక్క అక్షరం మార్చెయ్, గొడవే ఉండదు’ అన్నారు. మార్చి రికార్డ్ చేసి విన్నాను, నా గొంతే నాకు దొంగగొంతులా అనిపించింది.

ఇంకోటి, క్యాప్షన్‌లో ఏం రాయాలి? పేపర్లలో వాడే ‘స్వలింగ సంపర్కులు’ అన్న మాట చూస్తే ఏదో పోలీసు కేసులా ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఇంట్లో వాళ్ళు. ఇదివరకు ఒక యాప్‌లో వేరే పేరుతో అకౌంట్ తెరిస్తే రెండో రోజే అది మా బావకి ‘మీకు తెలిసినవాళ్ళు’ అని చూపించిందట, రిక్వెస్ట్ పెట్టాడు. అందులో అప్పటికి చందమామ ఫొటో తప్ప ఏమీ లేదు, అయినా చేతులు వణికి ఆ రాత్రే డిలీట్ చేసేశాను.

పాత_డ్యూయెట్లు
తమ్ముడో చెల్లో తెలీదు, నువ్వు చెప్పలేదు, నేనూ అడగను. నీ పోస్ట్ రెండుసార్లు చదివాను, ఎక్కడా దొరకలేదు చూశావా? తెలుగులో ‘నేను వచ్చాను’ అంటే వచ్చింది ఎవరో తెలీదు. హిందీలో అయితే ఆయానా ఆయీనా అని నోరు తెరవగానే తేల్చాలి. ‘నువ్వు వచ్చావు’ కూడా అంతే. మనకి చిక్కంతా మూడో మనిషి దగ్గరే, కాబట్టి తన గురించి చెప్పడం మానేసి తనతోనే మాట్లాడు. ‘అడుగున పంచదార ఎప్పుడూ నాకే వదిలేస్తావు’ అను చాలు. అబద్ధం ఆడినట్టూ ఉండదు, అక్షరం మార్చే పనీ ఉండదు.

ఒక సొంత బాధ కూడా చెప్పనివ్వు. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ని నిషేధించేనాటికి నావి రెండొందల పైగా డ్యూయెట్లు (వేరేవాళ్ళ వీడియో పక్కన మన వీడియో కలిపి చేసేవి) ఉండేవి, మా ఊళ్ళో నాలాంటివాళ్ళు ఇంకొందరు ఉన్నారని తెలిసిందే వాటివల్ల. ఒక్కటీ సేవ్ చేసుకోలేదు, ఆ తప్పు నాదే. నువ్వు మాత్రం ఒరిజినల్ క్లిప్పులన్నీ వేరేచోట పెట్టుకో.

సూటిగా_చెప్తా
దాచుకోడానికి వ్యాకరణం వెతకడం ఏంటండీ? ఐపీసీ (శిక్షాస్మృతి) సెక్షన్ 377 కింద ఇది నేరం కాదని 2018 సెప్టెంబర్ 6నే సుప్రీంకోర్టు చెప్పింది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నిద్రపట్టని_ఎడిటర్
@సూటిగా_చెప్తా ఆ తీర్పు కాపీ పట్టుకెళ్ళి వాళ్ళ నాన్నగారికి మీరు చదివి వినిపిస్తారా? 19 ఏళ్ళు, ఫీజు ఇంట్లోంచే వస్తోంది. కాస్త ఆగండి.

ఇక పని సంగతి. కొత్త అకౌంట్‌కి ఫోన్ నంబర్ ఇవ్వకు, కొత్త మెయిల్ తెరిచి దాంతో చెయ్. కాంటాక్ట్స్ చూడ్డానికి పర్మిషన్ అడిగితే వద్దను. పాత అకౌంట్లతో కలపకు. నీ బావ దగ్గర నీ నంబర్ ఉంది కదా, అతను తన కాంటాక్ట్స్ ఇచ్చుకున్నా అటు నుంచీ దొరికిపోవచ్చు, అందుకే నంబర్ విషయం గట్టిగా చెప్తున్నా. తర్వాత వీడియోని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూడు. నేనొకసారి ముఖం అంతా కప్పేసి, వెనక గోడకున్న క్యాలెండర్ మీద మా వీధి చివరి కిరాణా కొట్టు పేరు వదిలేశాను. గ్లాసులో ప్రతిబింబం, ఆ దుప్పటి (మీ అమ్మ కొన్నదే అయితే అమ్మ గుర్తుపడుతుంది!), వెనక గుడి మైకు, అన్నీ చూసుకో. యాప్‌లో గొంతు సన్నం చేస్తే సరిపోదు, తెలిసినవాళ్ళు మాట తీరుని పట్టేస్తారు. ఫ్రెండ్ చేత చదివించు, లేదా తెర మీద అక్షరాలు వెయ్యి.

కామెంట్ల ఫిల్టర్‌లో తిట్లు నువ్వే ఎక్కించాలి, తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు స్పెల్లింగులతో ఇంకోసారి. ఒక సాయంత్రం కూర్చుని తిట్లన్నీ టైప్ చేయడం చాలా దరిద్రపు పని, అయినా చెయ్యి.

ఎర్రగాజులు
నేను ట్రాన్స్ అమ్మాయిని. మీరంతా ఆ చివరి అక్షరం ఎలా తప్పించుకోవాలా అని చూస్తున్నారు, నాకు కావలసింది ఆ అక్షరమే. నేను ‘వచ్చాను’ అని వందసార్లు అన్నా అందులో నేను కనిపించను. అందుకే నా వీడియోల్లో వెనక మాటలు నా ఫ్రెండ్ చెప్తుంది. ‘తను పొద్దున్నే లేచింది, గాజులు వేసుకుంది’ అని. మొదటిది ఎడిట్ చేసేటప్పుడు ‘లేచింది’ అన్న ముక్కని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నానో.

క్యాప్షన్‌కి ‘క్వీర్’ (మనలాంటివాళ్ళందరికీ కలిపి వాడే మాట) అని తెలుగులోనే రాసెయ్, బాగానే అలవాటైంది. హైదరాబాద్‌లో 2013 నుంచి మనవాళ్ళ ప్రైడ్ ఊరేగింపు నడుస్తోంది, దాన్ని స్వాభిమాన యాత్ర అంటాం. ఆ మాట నోటికి హాయిగా ఉంటుంది.

డాబా_మీద_19
అందరికీ థాంక్స్. మొదట ‘తను వచ్చారు’ అని గౌరవంగా పెట్టి చూశాను. మా అమ్మమ్మ తాతయ్యని అలాగే ‘వాళ్ళు వచ్చారు’ అనేది, పేరు ఎత్తేది కాదు. కానీ నా గొంతులో ప్రిన్సిపాల్ వచ్చినట్టు వినిపించింది.

‘నువ్వు’తో మళ్ళీ రాశాను, పది వాక్యాలు తగ్గాయి. చదివేది నేను కాదు, గ్లాసు వైపు చెయ్యి చాపిన మనిషే. అంటే ఇప్పుడు పంచదార వదిలేది నేనన్నమాట.

దుప్పటి మాత్రం అమ్మ కొన్నదే. ఆ షాట్ రేపు మళ్ళీ తీయాలి, ఎవరిదైనా అడిగి తెచ్చుకుంటా.