అప్‌డేట్: బోటు ఇంజను వేడెక్కి ఆగిపోవడం – కారణం దొరికింది

ఒడిశాలోని చిత్రకొండ దగ్గర, బలిమెల జలాశయం మీద చేపల వేట క్యాంపులో వేసవి పనికి వచ్చాక, టూ స్ట్రోక్ బోటు ఇంజను కాసేపటికే వేడెక్కి ఆగిపోతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్.

“ముందు ఇంజను పక్కనుంచి పడే నీటి ధార చూడు తమ్ముడూ” అన్న సలహాయే పనిచేసింది. ఇంజనును చల్లబరిచే నీళ్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో ఆ ధారే చెబుతుంది; మాది నూలుపోగులా కారుతోంది. మెకానిక్ కింది గేర్ కేసు విప్పితే నీటి పంపులో రబ్బరు ఇంపెల్లర్ (నీళ్లను పైకి తోసే రెక్కల చక్రం) రెక్కలు రెండు విరిగి ఉన్నాయి, మిగతావి ఒకవైపుకి వంగి గట్టిపడ్డాయి. ఎండాకాలం నీళ్లు తగ్గి, ఒడ్డు దగ్గర ఇసుక, బురద పీల్చడం వల్లే ఈ అరుగుదల.

కొత్తది వేసేముందు విరిగిన ముక్కలన్నీ వెతికి తీయాలి, ఇదే అసలు పని. మాకు ఒక ముక్క నీళ్లు పైకెళ్లే గొట్టంలో ఇరుక్కుంది. దాన్ని వదిలేస్తే కొత్త ఇంపెల్లర్ వేసినా ధార రాదు. పంపు కప్పు లోపల సబ్బునీళ్లు రాసి, షాఫ్టును (ఇంపెల్లర్‌ను తిప్పే ఇరుసు) సవ్యదిశలో తిప్పుతూ కప్పు దించాలి. రెక్కలన్నీ ఒకేవైపు వంగాలి.

స్పార్క్ ప్లగ్, కార్బ్యురేటర్, ట్యాంకు మూత గాలి స్క్రూ, వీటికి మా సమస్యతో సంబంధమే లేదు. పెట్రోల్లో ఆయిల్ 50:1 పాళ్లు కూడా సరిగ్గానే ఉన్నాయి.

ఇంపెల్లర్‌తో పాటు దాన్ని షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న ఇనప ముక్క (కీ) కూడా ఒకటి అదనంగా కొని పెట్టుకోండి. విప్పేటప్పుడు నీళ్లలో పడిపోయేది అదే.