కాలేజీ బాస్కెట్‌బాల్ అంకెలు చూసి ఎన్‌బీఏలో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) ఎవరు నిలుస్తారో చెప్పగలమా? చేసినవాళ్లు చెప్పండి

బెజవాడ_బుల్లోడు:
ఎమ్మెస్ ప్రాజెక్టు కోసం, డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే కార్యక్రమం) ఎవరు రాణిస్తారో చెప్పే మోడల్ ఒకటి కట్టాను. మ్యాచ్‌కి పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, షూటింగ్ శాతాలు ఇచ్చాను. 2011 డ్రాఫ్ట్ మీద నడిపిస్తే జిమ్మర్ ఫ్రెడెట్ అందరికంటే పైన కూర్చున్నాడు! బీవైయూ కాలేజీలో మ్యాచ్‌కి 28.9 పాయింట్లు, ఆ ఏడాది దేశంలో అదే ఎక్కువ. పదో పిక్‌గా (పదో ఎంపికగా) వెళ్లాడు, ఎన్‌బీఏలో నిలదొక్కుకోలేదు. తర్వాత స్టార్ అయిన 15వ పిక్ కవై లెనార్డ్ నా లిస్టులో ఎక్కడో అడుగున ఉన్నాడు. శుక్రవారం ప్రజెంటేషన్, టెన్షన్‌గా ఉంది.

డల్లాస్_మావయ్య:
వయసు పెట్టావా తమ్ముడూ? డ్రాఫ్ట్ నాటికి జిమ్మర్‌కి 22, కవైకి ఇంకా 19. ఇద్దరి పాయింట్లనీ ఒకే కాటాలో తూస్తే ఇలాగే అవుతుంది, నేనూ మొదట్లో తూచినవాణ్నే. ఇంకోటి, మ్యాచ్‌కి ఎన్ని అని కాకుండా 100 పొజెషన్లకి (జట్టు చేతికి బంతి వచ్చిన ఒక్కో వంతుకి) ఎన్ని అని మార్చు. పరుగెత్తి ఆడే జట్టులో అందరి అంకెలూ ఉబ్బుతాయి.

ఓరుగల్లు_హూప్స్:
వయసుని మరీ పట్టుకున్నా మునుగుతాం అన్నా. నా మోడల్ 23 ఏళ్లని మాల్కమ్ బ్రాగ్డన్‌ని తీసి పక్కన పెట్టింది. 2016లో 36వ పిక్. ఆ సీజన్ రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు) ఆయనే.

ఫ్రీత్రో_పిచ్చోడు:
షూటింగ్ కోసం కాలేజీ త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) శాతాన్ని నమ్ముకోకు. సీజన్ మొత్తం కలిపినా ముప్పై చిల్లర మ్యాచ్‌లు. నాలుగు బంతులు రిమ్ తాకి బయటికి పోతే శాతమే మారిపోతుంది. పైగా అక్కడ త్రీ గీత బుట్టకి దగ్గరగా ఉంటుంది: 2019 దాకా కాలేజీలో 20 అడుగుల 9 అంగుళాలు, ఎన్‌బీఏలో ఎదురుగా అయితే 23 అడుగుల 9. ఫ్రీ త్రో (ఫౌల్ అయ్యాక ఇచ్చే షాట్) మాత్రం ఎక్కడైనా 15 అడుగులే, అడ్డం వచ్చేవాడు ఉండడు. చెయ్యి ఎలాంటిదో అక్కడే బయటపడుతుంది.

లోంజో బాల్ దగ్గర దెబ్బతిన్నా నేను. యూసీఎల్‌ఏ కాలేజీలో త్రీలు 41 శాతం అని మురిసిపోయా, పక్కనే ఫ్రీ త్రోలు 67 అని ఉన్నా పట్టించుకోలేదు. ఎన్‌బీఏలో లేకర్స్ జట్టులో మొదటి ఏడాది త్రీలు 30.5 శాతం, ఫ్రీ త్రోలు 45! కుడిచేతి వాటం మనిషి, బంతిని ఎడమ చెంప దగ్గర్నుంచి లాగి వేసేవాడు. వీడియో ఒక్కటి చూసినా తెలిసేది. తర్వాత పద్ధతి మార్చుకున్నాడు, 2021-22లో చికాగోలో త్రీలు 42 శాతం. ఆ మార్పుని ఏ కాలేజీ అంకె ముందే చెబుతుంది చెప్పండి? కవై కూడా కాలేజీ రెండో ఏట త్రీలు 29, ఫ్రీ త్రోలు 76. ఆ తర్వాత స్పర్స్ జట్టు షూటింగ్ కోచ్ చిప్ ఎంగెలండ్ చేతిలో పడ్డాడు.

రిగ్రెషన్_రాంబాబు:
పిక్ నంబరు కూడా ఇన్‌పుట్‌గా ఇచ్చావా? ఒకసారి నేనిచ్చా. ఫలితం బ్రహ్మాండం. తీరా చూస్తే స్కౌట్లు (జట్ల కోసం ఆటగాళ్లని వెతికేవాళ్లు) చెప్పిందే నాకు తిప్పి చెబుతోంది. సక్సెస్ అంటే ఏం పెట్టుకున్నావో కూడా చూసుకో. ఆడిన నిమిషాలు అని పెడితే, టాప్ పిక్ సరిగా ఆడకపోయినా ఒకటి రెండేళ్లు ఆడిస్తారు. రెండో రౌండ్‌వాడు రెండు మ్యాచ్‌లు తడబడితే బెంచే.

బెజవాడ_బుల్లోడు:
అన్నీ మార్చా. కవై పైకొచ్చాడు. జిమ్మర్ మాత్రం కదలట్లేదు, ఫ్రీ త్రోలు 89 శాతం కదా! :(

డల్లాస్_మావయ్య:
ఎన్‌బీఏలో పెద్ద స్టార్ అయిన స్టీఫ్ కర్రీ చివరి కాలేజీ సీజన్‌ని జిమ్మర్ పక్కన పెట్టి చూడు. డేవిడ్సన్ కాలేజీలో 28.6 పాయింట్లు, అతనూ ఆ ఏడాది దేశంలో ఫస్టే. పాయింట్ల కాలమ్‌లో ఇద్దరూ కవలలే. స్టీల్స్ (ఎదుటి జట్టు నుంచి బంతి లాక్కోవడం) దగ్గర తేడా వస్తుంది: కర్రీ మ్యాచ్‌కి 2.5, జిమ్మర్ 1.3. కాళ్లు, చేతులు, కన్ను ఎంత చురుకో ఆ అంకెలో కాస్త కనపడుతుంది.

బెజవాడ_బుల్లోడు:
స్టీల్స్ పెట్టాక దిగాడు మహానుభావుడు. ప్రజెంటేషన్ అయిపోయింది. కర్రీ, జిమ్మర్ ఇద్దర్నీ ఒకే స్లైడ్‌లో పెట్టా, క్లాసంతా మెచ్చుకున్నారు. ప్రొఫెసర్ ఒకటే అడిగారు: "ఈ స్టీల్స్ సంగతి నీకు ముందే తట్టిందా, కర్రీ ఎవరో తెలిశాక వెతికావా?" మావయ్యా, ఏం చెప్పమంటావు?