పది నెలల పాప, నాలుగేళ్ల బాబుతో డాలస్ ప్రయాణం

(ఒకరి ప్రశ్న, ముగ్గురి జవాబులు; ఎవరి మాట ముందు వాళ్ల ఊరి పేరు.)

బరంపురం: ఇక్కణ్ణించి రైల్లో హైదరాబాద్, అక్కడ విమానమెక్కి గల్ఫ్‌లో మారి డాలస్. పాపకి టికెట్ ఉంది, సీటు లేదు. విమానంలో పాపని పడుకోబెట్టే ఉయ్యాల (బాసినెట్) దొరుకుతుందా? పాలపొడి సంగతేంటి? నిద్రమందు వేయమంటున్నారు, వేయొచ్చా?

పర్లాకిమిడి: ఉయ్యాల అడిగితేనే ఇస్తారండీ, అదీ ఉంటేనే. ఇప్పుడే ఫోన్ చేసి పాప బరువు, పొడవు చెప్పండి. బరువు పరిమితి ఒక్కో ఎయిర్‌లైన్‌కి ఒక్కోలా ఉంటుంది. ఉయ్యాలని మొదటి వరుస సీట్ల ముందున్న గోడకి తగిలిస్తారు. ఆ వరుసలో ట్రే సీటు చేతిపట్టీ (ఆర్మ్‌రెస్ట్)లోనే ఉంటుంది కాబట్టి పట్టీ పైకి లేవదు, బాబు మీ ఒళ్లోకి ఒరగలేడు. సీటుబెల్టు లైటు వెలిగితే నిద్రపోతున్న పాపనైనా ఎత్తుకోవాల్సిందే. టేకాఫ్‌కి ముందు బ్యాగు పైన పెట్టించేస్తారు. రెండు డైపర్లు, తుడుపు కాగితాలు, ఒక సీసా విడిగా చేతిలో ఉంచుకోండి.

జయపురం: పాలపొడి ఒక్కో సీసాకి సరిపడా కొలిచి చిన్న డబ్బాల్లో పొడిగానే పోసుకోండి. వేడినీళ్లు సిబ్బంది ఇస్తారు. పాప తాగగా మిగిలింది పారబోయండి, మళ్లీ పట్టకండి. చెవినొప్పి దిగేటప్పుడే ఎక్కువ. విమానం కిందికి దిగడం మొదలవగానే పాలు పట్టండి, బాబుకి గుక్కగుక్కగా నీళ్లు తాగించండి. పళ్లు మాత్రం దిగేలోపే తినేయాలి, అమెరికా కస్టమ్స్‌లో తీసేసుకుంటారు.

రాయగడ: నిద్రమందు వద్దమ్మా. కొందరు పిల్లలు మత్తుకి బదులు ఇంకా రేగిపోతారు, డోసు ఎక్కువైతే ఊపిరికే ప్రమాదం. రైలు ఆలస్యమైతే విమానం ఆగదు, ఒకరోజు ముందే హైదరాబాద్ చేరండి.